పెరిగే చోటు

ఎండబెట్టిన మొక్కల్ని దాచే ఆ గదిలో కిటికీలు తెరవరు, పురుగు పడుతుందని. బయట ముసురు. లోపల కలరా ఉండల వాసన, కప్పు కారే చోట ఓ బకెట్. అనువాదకురాలి ఉద్యోగం ఖాయమయ్యేదీ ఊడేదీ ఆ సాయంత్రం తేలిపోతుంది. తెలుగు చేయాల్సింది ఇంకొక్క మొక్క వర్ణనే.

మొక్కల వర్ణనలు రాసే లాటిన్‌లో క్రియలు తక్కువ. వేరు, కాండం, ఆకు, పువ్వు అని వరసగా వస్తాయి. ఏ విశేషణం ఏ భాగానిదో విభక్తి చూసి జతచేయాలి. ఆమె చకచకా చేసుకుపోయింది. "పాకే తీగ. వేళ్లు వెంట్రుకల్లా సన్నం. ఎండినా చావదు, చెమ్మ తగిలితే మేలుకుంటుంది." చివర్లో అది పెరిగే చోటు రాసిన వాక్యాన్ని మాత్రం పురుగు తినేసింది.

"అది ఖాళీగా వదిలేశాను సార్."

ఆ గది అధికారి పెద్దాయన కుర్చీలోంచి తల కూడా తిప్పలేదు. "ఖాళీ ఉంటే సంతకం పెట్టను. చెల్లెలు లాటిన్ పండితురాలని మీ అక్క ఊరంతా చెప్పుకుంటోందటగా? వెళ్లి ఆవిడ వంటింట్లో గిన్నెలకి నేర్పు."

ఆమెకి ఒళ్లు మండింది. తర్వాత చెరిపేద్దామనే, పెన్సిలుతో, ఆయన్నే చూస్తూ రాసింది: "ఎండ ఎరగని, కుర్చీ వదలని ముసలి ఒంటి మీద."

చెరిపేలోగా ఆయన కాగితం లాక్కున్నాడు. చదవనైనా చదవకుండా సంతకం గీకి విసిరేశాడు. సంతకం పడిందంటే ఇక అదే ఆ మొక్క వర్ణన.

"ఇది తప్పు అని పైవాళ్లే తేలుస్తారు. నీ పీడ వదులుతుంది."

కరెంటు పోయింది.

బల్ల మీద చిటపటలు... తీగని అట్టకి అతికించిన పట్టీలు ఒక్కొక్కటే తెగుతున్నాయి. తడిమట్టి వాసన. ఏదో నేల మీద పాకుతోంది... కుర్చీ దగ్గర ఆగింది.

"అమ్మాయ్..." పెద్దాయన గొంతు గుసగుసలా వచ్చింది. "ఏం రాశావ్... చెరిపెయ్."

ఆమె తడుముకుని కాగితం పట్టుకుంది. రబ్బరు చేతికి తగిలింది. రుద్దబోయి... ఆగింది. చెరిపితే మళ్లీ ఖాళీ. ఖాళీ ఉంటే సంతకం చెల్లదు. సంతకం చెల్లకపోతే ఉద్యోగమూ లేదు. ఉంచితే, ఇప్పుడిక అది తప్పూ కాదు.

"చెరిపెయ్ తల్లీ..."

ఆమె రబ్బరు జేబులో వేసుకుంది.

లైటు వచ్చింది. అట్ట మీద తీగ లేదు. పెద్దాయన కుర్చీలోనే ఉన్నాడు, చిరునవ్వుతో.

"నీ ఉద్యోగం ఖాయమమ్మా," అన్నాడు, ఎన్నడూ లేనంత మెత్తగా. "రేపట్నుంచి నా పక్క బల్లే నీది."

ఆమె కిందికి చూసింది. కప్పు కారుతోందని పెట్టిన బకెట్లో ఆయన పాదాలు రెండూ మునిగి ఉన్నాయి, వాటి చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నని వేళ్లు.

చూస్తుండగానే నీళ్లు తగ్గిపోతున్నాయి... చప్పుడు లేకుండా.