మేడమ్ చదివే మూడో కార్డు

"ఆంటీ, ఆగు!"

చంద్రిక ఆగదు.

వైట్‌హౌస్ కింది అంతస్తు కారిడార్... నున్నటి నేల... చేతిలో రిబ్బన్‌తో కట్టిన మూడు కార్డులు.

వెనక బూట్ల చప్పుడు. కౌశిక్! న్యూజెర్సీలో పుట్టిన తెలుగువాడు. ఇక్కడ అందరూ మేడమ్ అని పిలిచే అధ్యక్షుడి భార్యకు సలహాదారు.

పైన విందు మొదలైంది. ఇంకో నాలుగు నిమిషాల్లో మేడమ్ ప్రసంగం. ఆమె చదివే కార్డులను అందంగా చేత్తో రాయడం చంద్రిక ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా.

ఈ ఉదయం రాయమని ఇచ్చింది ఒక తల్లి ఉత్తరం. 'నా కూతురు అంకితను కారుతో గుద్ది చంపిన అబ్బాయిని క్షమిస్తున్నాను...'

అంకిత చంద్రిక కూతురు!

ఆ ఉత్తరం చంద్రిక రాయలేదు.

వాషింగ్టన్‌లో ఆ రోజు తాగి కారు నడిపినవాడు కౌశిక్ స్నేహితుడు. కౌశిక్ తెచ్చిచ్చిన ఉత్తరం చూసి మేడమ్ కరిగింది. మేడమ్ మాట విని అధ్యక్షుడు సంతకం పెట్టాడు. పన్నెండేళ్ల శిక్ష ఏడు నెలలకే రద్దు!

మలుపు. మెట్లు. భుజం మీద చెయ్యి!

"కోర్ట్‌లో చూశా నిన్ను... అంకిత వాళ్ళ మామ్! కార్డ్స్ రాసేది నువ్వా? ఏం చేంజ్ చేశావ్? ఇవ్వు!"

"ఇవ్వను బాబూ."

లాక్కుంటాడు. మొదటి కార్డు చదువుతాడు... రెండోది... ఒక్క అక్షరం మారలేదు.

నవ్వుతాడు. "నైస్ హ్యాండ్‌రైటింగ్, ఆంటీ. మరి ఎందుకు పరిగెత్తావ్?"

మూడోది తిప్పబోతాడు...

చెవిలో ఇయర్‌పీస్ అరుస్తుంది. మేడమ్ లేచి నిలబడింది!

"ఇక్కడే ఉండు. నీ జాబ్ పోయింది!"

"ఇంకా పోవడానికి నాకేం మిగిలింది బాబూ?"

అతను వినడు. కార్డులతో మెట్లెక్కి పరుగెడతాడు.

చంద్రిక మెట్టు మీద కూర్చుంటుంది. ఎవరిచ్చిన కాగితమైనా మేడమ్ ముందుగా రెండుసార్లు చదువుకుంటుంది. కౌశిక్ చేత్తో ఇచ్చింది తప్ప.

అందుకే చంద్రిక పరుగెత్తింది... అతను లాక్కోవాలనే.

గోడ మీది టీవీలో మేడమ్. మొదటి కార్డు. చప్పట్లు. రెండోది. ఎవరో కళ్లు తుడుచుకుంటారు. పక్కనే చేతులు కట్టుకుని కౌశిక్.

మూడోది...

"నేను అంకిత తల్లిని. ఎవరినీ క్షమించలేదు. నా పేరుతో ఆ ఉత్తరం రాసిన మనిషే... ఈ కార్డులు ఇప్పుడే మీ చేతికిచ్చాడు!"

మేడమ్ కార్డు దించుతుంది. తల మెల్లగా పక్కకు తిరుగుతుంది.

కెమెరాలు కూడా!