నలభై ఒక్క జవాబులు

పశువుల డాక్టరుగారు పోయి వారం తిరక్కుండానే ఆయన రాతలన్నీ చిన్నకోడలు తుడిచిపారేసిందట అని ఎదురింటావిడ వీధంతా చాటింది. ఆ మాట చెవిన పడ్డాకే చిన్నకోడలు డిటెక్టివ్ గుమ్మం ఎక్కింది.

టెలిఫోన్ ఆఫీసులో రిటైరై ఈ పనిలో దిగిన ఆయన్ని అందరూ జల్లెడ అంటారు. అసిస్టెంటు ఆయన మేనకోడలే. మామయ్య తల గోక్కున్నా అందులో ఏదో మర్మం ఉందనుకునే మనిషి.

"మామగారు పన్నెండేళ్లుగా వెబ్‌సైట్లో రైతుల ప్రశ్నలకు జవాబులు రాశారండీ. పాత సర్వర్ మొరాయిస్తోందని డేటాబేస్‌ని కొత్తదానికి మార్చాను. మామూలుగా సైటు మూసి కాపీ తీయాలి. మామగారు వద్దన్నారు. 'గేటుకి తాళం వేస్తే ఈనే గేదె ఆగుతుందా అమ్మా?' అన్నారు. తెరిచి ఉండగానే మంగళవారం కాపీ తీశా. గురువారం కన్నుమూసేదాకా ఆయన పాతదాంట్లోనే రాశారు. ఎన్ని రాశారో నాకూ తెలీదు. తర్వాత తెచ్చుకోవచ్చులే అనుకున్నా. శనివారం చూస్తే పాత సర్వరే లేదు. ఇప్పుడు అందరూ, మా ఆయన కూడా, ఇంట్లోంచి పొమ్మంటున్నారు."

జల్లెడ ముందు అత్తగారిని కదిపాడు.

"ఎవరు లెక్కపెట్టారు బాబూ? ముక్కులో ఆక్సిజన్ గొట్టంతోనే టైపు చేసేవారు," అందావిడ.

పెద్దకొడుకుది పశువుల మందుల షాపు. 'చూడి పశువులకు శ్రేష్ఠం' అని రాసిన అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి.

"ఇందులో కనిపెట్టడానికేముందండీ? నాన్న చివరి నలభై ఒక్క జవాబులూ మా మరదలి చేతకానితనానికి బలయ్యాయి."

"పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ. నాన్న క్యాలెండర్ మీద రాసిపెట్టారు."

"మీరు సైటు చూస్తుంటారా?"

"నాకంత తీరికేదీ? చూసి నెలలయింది."

జల్లెడ తల గోక్కున్నాడు. మేనకోడలి గుండె ఝల్లుమంది.

రెండు రోజులు ఆమె ఫోన్ వదల్లేదు. సర్వర్ కంపెనీవాళ్లు, శనివారం పొద్దున పాస్‌వర్డ్ ఇచ్చి ఎవరో రద్దు చేయించారనీ, డిస్కు తుడిచేశామనీ చెప్పారు. తరచూ ప్రశ్నలు అడిగే రైతుల్లో ఒకామె మాత్రం బుధవారం తనకొచ్చిన జవాబును ఫోటో తీసి ఉంచుకుంది.

ఆదివారం జల్లెడ అందర్నీ డాక్టరుగారి గదిలో కూర్చోబెట్టాడు.

"ఆ జవాబులు కొత్త సర్వర్లో లేవు. రాసినాయన లేడు. కాపీ తీసినామెకే లెక్క తెలీదు. సైటు చూసి నెలలైన మీకు నలభై ఒకటని ఎలా తెలిసిందండీ, పెద్దబ్బాయిగారూ? ఆయన పోయాక పాతదాంట్లో చివరిదాకా చదివినవాడికే తెలియాలి. చదివి, రద్దు చేయించారు. ఎందుకో ఇదిగో."

మేనకోడలు ఫోటో చదివింది. "మా పెద్దవాడి షాపులో అమ్మే ఇంజెక్షన్ చూడి ఆవులకు వేయకండి. నెలలు నిండకుండానే కడుపు పోయి ఈచుకుపోతున్నాయి. చెప్పినా వాడు వినడం లేదు."

చిన్నకోడలు మొగుడి వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. మిగతా నలభై జవాబులు ఇక ఎవరూ తేలేరు.

"మీ నాన్న చివరి మాటల్రా అవి!" తల్లి లేచి అతని ముందుకొచ్చింది. "చెరిపి ఆ పిల్ల నెత్తిన రుద్దుతావా?"

పెద్దకొడుకు తల దించలేదు.

"అవును, నేనే. ఆయన ముక్కుకి పెట్టిన ఆక్సిజన్ ఏ మందు అమ్మితే వచ్చిందో మీలో ఒక్కరైనా అడిగారా?"