నాలుగో మడత

మొట్టమొదట ఆమెకు అనుమానం వచ్చింది మనిషి మీద కాదు, ఒక గుడ్డ మడత మీద.

ఆ ఉదయం సర్జికల్ వార్డులో ఏడో పడక పెద్దాయన కాలికి కట్టు మార్చడానికి ఆమె డ్రెస్సింగ్ ప్యాక్ అందుకున్నది. దూది, గాజుగుడ్డ, కత్తెర వగైరాలను పచ్చని గుడ్డలో చుట్టి, ఆవిరిలో శుద్ధి చేసి పంపే పొట్లం అది. గుడ్డ మూలలను ఒకదాని మీద ఒకటి మడిచి, నాలుగో మూలను లోపలికి దోపి, పైన టేపు అంటించడం ఆ ఆసుపత్రిలో ఏనాటి నుంచో ఉన్న పద్ధతి. విప్పాలంటే ఒక చేత్తో అదిమి పట్టుకోవాలి, రెండో చేత్తో లాగాలి.

ఆమె ఎడమ అరచేతికి పుట్టుకతోనే బొటనవేలు ఒక్కటే ఉన్నది. తక్కిన నాలుగు వేళ్ల పని మోచేయి చేస్తుంది. పొట్లాన్ని మోచేత్తో ట్రాలీకి అదిమి, కుడిచేత్తో టేపు లాగడం ఆమె స్వయంగా కనిపెట్టుకున్న విద్య. ఆ రోజు ఆ విద్యకు పని పడలేదు. నాలుగో మూల లోపలికి దోపి లేదు. కొస బయటికి మడిచి, చిన్న చెవిలాగా నిలబెట్టి ఉన్నది. రెండు వేళ్లతో ఆ చెవిని పట్టుకోగానే పొట్లం మర్యాద తెలిసిన మనిషిలా తనంతట తానే విచ్చుకున్నది.

మరొకరయితే సంతోషించేవారు. ఆమె నొసలు ముడిచింది.

కారణం లేకపోలేదు. ఉద్యోగంలో చేరిన నాడు మేట్రన్ ఆమెను ఎదుట నిలబెట్టి చెప్పిన మాటలు అక్షరం పొల్లుపోకుండా ఆమెకు గుర్తున్నాయి. "చూడమ్మా, నీ మార్కులకు నేను వంక పెట్టను. ఆరు నెలలు ప్రొబేషన్. చివర్లో నా ముందు ఒక డ్రెస్సింగ్ చెయ్యాలి. కానీ నీ పని నువ్వే చెయ్యాలి. పక్కవాళ్లు నీకు చేతులైతే ఆ ఉద్యోగం వాళ్లదవుతుంది, నీది కాదు."

ఆ పరీక్షకు ఇక మూడు వారాలే గడువు. ఇటువంటి సమయంలో ఎవరో అడగకుండా తన పని సులువు చేస్తున్నారు. అది జాలి అయినా ప్రమాదమే, పన్నాగమయినా ప్రమాదమే.

"అమ్మాయ్, నువ్వు చూడలేదు గానీ, గుమ్మం దగ్గర ఒక నీలం చొక్కా నిలబడింది," అన్నాడు ఏడో పడక పెద్దాయన. ఆయనకు వార్డు పెట్టిన పేరు రేడియో తాతయ్య. ఆయన చెవిన పడిన వార్త కాఫీ చల్లారేలోగా పదిహేను పడకలకూ ప్రసారమవుతుంది.

"చొక్కాలో మనిషి ఉన్నాడా తాతయ్యా?"

"ఉన్నాడు. చేతిలో నోటుబుక్కు కూడా ఉంది. నువ్వు పొట్లం విప్పుతుంటే వాచీ చూసుకుని ఏదో రాసుకున్నాడు. ముందు నీ చేతులు చూశాడు, తర్వాత నీ ముఖం చూశాడు. చేతులు ఎందుకు చూశాడో ఊహించగలను. ముఖంతో పనేమిటో అంతుపట్టలేదు."

"మీరు కాలు కదపకుండా ఉంటే నా పని నేను చేసుకుంటాను."

ఆమె తల తిప్పేసరికి నీలం చొక్కా ట్రాలీ నెట్టుకుంటూ మలుపు తిరిగిపోయింది. కింది అంతస్తులో పనిముట్లను శుద్ధి చేసే ఆవిరి గదిలో టెక్నీషియన్ అతను. ఏడాది క్రితం చేరాడు. అందరూ అతన్ని స్టీమింజను అంటారు. ఏడాది పాటు పైకి రాని ఇంజను ఆనాటి నుంచి ప్రతి ఉదయం ఆ గుమ్మం దగ్గర ఆగసాగింది.

నాలుగో నాడు ఆమె అతన్ని పట్టుకున్నది. రెండు భవనాల మధ్య నడవ కొంత దూరం వెళ్లి, అక్కడి నుంచి ఆకాశానికి వదిలేసినట్టు కప్పు లేకుండా ఉంటుంది. వాన ఏటవాలుగా కొడుతున్నది. అతను తన రెయిన్‌కోటును ట్రాలీకి కప్పి, తాను నిలువునా తడుస్తున్నాడు. ఆమె గొడుగు కర్రను ఎడమ మోచేతి మడతలో ఇరికించుకుని ఎదురు నిలబడింది.

"గొడుగు పట్టమంటారా?" అన్నాడతను.

"ఎవరికి?"

"నాకేనండి. తడిసేది నేను కదా."

ఆమెకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వును పళ్ల బిగువున ఆపింది. "రోజూ మా వార్డుకు ఎందుకొస్తున్నారు?"

"ప్యాకులివ్వడానికి."

"ఇచ్చాక?"

"ఖాళీ గుడ్డలు తీసుకెళ్లడానికి."

"ఈ మధ్యలో?"

"ఈ మధ్యలో నిలబడతానండి."

"ఆ నోటుబుక్కులో ఏం రాస్తున్నారు?"

"అది చెప్పకూడదు."

"ఎవరు చెప్పొద్దన్నారు?"

అతనికి అబద్ధం చేతకాదని ముఖమే చెప్పింది. కాసేపు ట్రాలీ చక్రాన్ని చూసి, "మేట్రన్ గారు," అన్నాడు.

ఆమె గొడుగు కర్రను మోచేత్తో ఇంకాస్త బిగించింది. "మడత మార్చింది మీరేనా?"

"నేనేనండి. బాగుందా?" తడిసిన ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"ఎవరడిగారు మిమ్మల్ని?"

"ఎవరో అడిగారు. ఎవరన్నది నాకూ తెలీదు."

"అబద్ధమాడేటప్పుడు కాస్త అతికేలా ఆడాలండీ," అని ఆమె గొడుగుతో సహా వెళ్లిపోయింది.

ఇంటి ముందు గదిలో ఆమె తల్లికి కుట్టుకొట్టు ఉన్నది. తల్లి మిషను ఆపకుండానే సంగతంతా విన్నది.

"అబ్బాయి బాగా తడిశాడా?"

"అమ్మా, అతను నా మీద నిఘా పెట్టాడు."

"పెట్టనీ. నిఘా పెట్టేవాడికి జలుబు చెయ్యదా?"

మిషను ఆపి లేచి, తల్లి కుట్టిన బట్టలను గుడ్డలో చుట్టి అరలో పేరుస్తున్నది. ప్రతి పొట్లానికీ నాలుగో మూల బయటికి మడిచి ఉన్నది. చిన్నప్పుడు బడికి పంపే భోజనం మూటను కూతురు ఒక్క చేత్తో విప్పుకోవాలని ఆ తల్లి కనిపెట్టిన మడత అది. కూతురు పెద్దదయినా చేతి అలవాటు పోలేదు.

ఇంట్లో కళ్లకు అలవాటైపోయిన ఆ మడతను వార్డులో ఆమె పోల్చుకోలేదు. ఇప్పుడు ఒక పాత కాగితం కూడా గుర్తుకు వచ్చింది. మూడేళ్ల క్రితం, ఇదే ఆసుపత్రిలో నర్సింగ్ చదువుతున్న రోజుల్లో, ఆ మడత బొమ్మ గీసి, కింద నాలుగు ముక్కలు రాసి సలహాల పెట్టెలో వేసింది. పేరు రాయలేదు. రాస్తే చేయి సరిగా లేని అమ్మాయి విన్నపమవుతుంది. రాయకపోతే నర్సు సలహా అవుతుంది. పెట్టె దానిని మింగి ఊరుకున్నది.

ఇన్నాళ్లకు ఆ మడత తన వార్డుకే ఎందుకు వచ్చింది? ఆ కాగితం తనదేనని పసిగట్టారన్నమాట. పరీక్ష నాడు మేట్రన్ ఆ కాగితం బల్ల మీద పెట్టి, నీకోసం ఆసుపత్రి పద్ధతే మార్చవలసి వచ్చింది, ఇంక నిన్నెలా పెట్టుకోను, అంటుంది. స్టీమింజను నోటుబుక్కు అందుకు సాక్ష్యం. లెక్క సరిపోయింది. ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు రాలేదు.

పరీక్ష ముందు రోజున సాక్ష్యం ఆమె చేతికే చిక్కింది. అతను నోటుబుక్కును వార్డు ట్రాలీ మీద మరచిపోయాడు.

"నేను కళ్లు మూసుకుంటాను. నువ్వు తెరువు," అన్నాడు రేడియో తాతయ్య, రెండు కళ్లూ బాగా తెరుచుకుని.

పెన్ను పెట్టి ఉన్న పుటను ఆమె తెరిచింది. పైన తమ వార్డు పేరు. కింద పద్దెనిమిది తేదీలు. ప్రతి తేదీకీ ఎదురుగా ఒకే వరుస: ఏడో పడక, ఒక చేయి, నాలుగు సెకన్లు.

ముందు పుటలు తిప్పి చూసి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. కోపంలో ఉన్న మనిషి పుటలు వెనక్కి తిప్పదు.

పరుగున వచ్చిన అతనికి ఆమె పుస్తకాన్ని చాచి ఇచ్చింది.

"చూశారా?" అతని చెవులు ఎర్రబడ్డాయి.

"చూడాల్సిందే చూశాను. మర్యాద ఉన్నవాళ్లు ఎదురుగా వచ్చి అడుగుతారు, గుమ్మం చాటున నిలబడి లెక్కపెట్టరు."

"అడుగుదామనే అనుకున్నానండి. ధైర్యం చాల్లేదు."

"రేపు మేట్రన్ గారి ముందు తెచ్చుకోండి ఆ ధైర్యం."

"మేట్రన్ గారి ముందా?" అతను తెల్లబోయి చూశాడు. ఆమె అప్పటికే మరో పడక దగ్గరకు వెళ్లిపోయింది.

మరునాడు పది గంటలకు మేట్రన్ వచ్చి ఏడో పడక పక్కన నిలబడింది. ట్రాలీ మీద చెవి ఉన్న పొట్లం సిద్ధంగా ఉన్నది.

"మేడమ్, ఈ ప్యాకు నాకొద్దు. పాత మడతది ఇప్పించండి," అన్నది ఆమె.

మేట్రన్ కళ్లజోడు పైనుంచి చూసింది. "ఎందుకు?"

"ఈ మడత నా కోసం చేశారు. దీంతో చేస్తే నా పని నేను చేసినట్టు కాదు. మీరే అన్నారు."

"నీ కోసమని ఎవరన్నారు?" అని మేట్రన్ ఒక్క క్షణం ఆలోచించి, కిందికి ఫోను చేసింది. స్టీమింజను పాత మడత పొట్లంతో, నోటుబుక్కుతో వచ్చి గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

"ముందు పని. మాటలు తర్వాత," అన్నది మేట్రన్.

ఆమె మోచేత్తో పొట్లం అదిమింది. టేపు లాగి గుడ్డ విప్పింది. చేతులు మళ్లీ శుభ్రం చేసుకుని గ్లవ్స్ తొడుక్కున్నది. ఎడమ గ్లవ్ ఖాళీ వేళ్లను మడిచి కుడిచేత్తో టేపు వేసింది. పాత కట్టు విప్పి, పుండు కడిగి, కొత్త కట్టు వేసింది. రేడియో తాతయ్య ఒక్కసారీ "అబ్బా" అనలేదు. ఆయన మౌనంగా ఉండడం వార్డు చరిత్రలో అదే మొదటిసారి.

"అయిందా?" అన్నాడు చివరకు. "నేనింకా మొదలుపెడతావనే చూస్తున్నా."

మేట్రన్ కట్టు నలువైపులా వేలు పెట్టి చూసింది. "బిగువు సరిగ్గా ఉంది," అని కాగితం మీద సంతకం చేసింది. "రేపటి నుంచి నువ్వు పర్మనెంటు. ఇప్పుడు మాటలు. ఆ మడత మూడు వారాలుగా పదకొండు వార్డులకూ వెళ్తోంది. నువ్వు నీ వార్డు గడప దాటితే కదా తెలిసేది."

"పదకొండు వార్డులకా?"

"టైం చూస్తున్నామని తెలిస్తే అందరూ లేని చురుకు చూపిస్తారు. అందుకే ఇతన్ని నోరు మెదపొద్దన్నాను. ఏమయ్యా, లెక్క చెప్పు."

అతను గొంతు సవరించుకున్నాడు. "రెండు చేతులతో పాత మడతకు పదకొండు సెకన్లు మేడమ్. కొత్తదానికి నాలుగు. ఒక చేత్తో అయినా నాలుగే."

"వచ్చే నెల నుంచి ఇదే పద్ధతి. ఆ సలహా ఎవరిదో తేలిందా?"

అతను నోటుబుక్కు అట్ట మడతలోంచి పాతబడిన కాగితం తీసి చదివాడు. "నర్సుకు ఎన్ని చేతులున్నా ఒకటి రోగి మీదే ఉంటుంది. కనుక పొట్లం రెండో చేత్తో విప్పగలిగేలా ఉండాలి." కాగితం మళ్లీ జాగ్రత్తగా మడిచాడు. "నేను చేరినప్పుడు సొరుగులో దొరికింది మేడమ్. వార్డు రిజిస్టర్లన్నీ వెతికాను. ఈ దస్తూరీ ఎక్కడా లేదు."

"ఎవరో సీనియర్ నర్సే," అన్నది మేట్రన్. "రెండు చేతులతో పదేళ్లు పనిచేస్తే గాని ఆ మాట తట్టదు."

ఆమె కత్తెర సర్దుతూ తల వంచుకున్నది. ఉద్యోగం తన పని చూసే ఇచ్చారు. కాగితం తనదని చెప్పడానికి ఇప్పుడు తొందర లేదు.

మధ్యాహ్నం డ్యూటీ దిగేసరికి మళ్లీ వాన. నడవ చివర అతను ట్రాలీతో ఆగి ఉన్నాడు. ఆమె పక్కన వచ్చి నిలబడింది. ఒక అనుమానం ఇంకా మిగిలే ఉన్నది.

"మిగతా వార్డుల్లో ఎన్నాళ్లు లెక్కపెట్టారు?"

"ఒక్కోదానికి ఒక్కో రోజు."

"మా వార్డులో?"

"పద్దెనిమిది."

"ఎందుకు?"

వాన కాసేపు మాట్లాడింది. తరువాత అతను మాట్లాడాడు. "మొదటిరోజే లెక్క తేలిపోయిందండి. రెండోరోజు లెక్క కోసం రాలేదు."

ఆమె చూపు వానలోనే ఉంచింది. "మరి ఆ కాగితాన్ని ఏడాదిగా ఎందుకు దాచుకున్నారు? రాసినావిడ ఎదురుపడితే ఏం చేస్తారు?"

"నెల క్రితమైతే పెళ్లి చేసుకుంటారా అని అడిగేవాణ్ణి," అన్నాడతను నిజాయతీగా. "ఇప్పుడైతే దండం పెట్టి, ఆలస్యమైందండీ, నేను వేరే మనిషిని చూసుకున్నాను, క్షమించండి అంటాను."

"అంత మాట ఆవిడతో అనగలరా?"

"కష్టమేనండి. కానీ అనాలి."

ఆమె చేయి చాచి నోటుబుక్కు తీసుకున్నది. ట్రాలీ నున్నని రేకు మీద పెట్టి రాయబోయింది. పుస్తకం జారింది. అతను పట్టుకోబోయాడు.

"వద్దు. జారనివ్వండి."

రాసి అతని వైపు తిప్పింది. 'పంతొమ్మిదో రోజు. లెక్క అక్కరలేదు. సాయంత్రం మా అమ్మ కుట్టుకొట్టుకు రండి.'

అతను చదివాడు. ముఖం వెలిగింది. మళ్లీ చదివాడు, ఈసారి మాటలను కాదు, అక్షరాలను. ప్రతి వరుస చివరా అక్షరాలు మెట్లు దిగుతున్నట్టు కిందికి జారి ఉన్నాయి. అతను పాత కాగితం విప్పి పక్కన పెట్టాడు. అందులోనూ వరుసల చివరలు అలాగే మెట్లు దిగుతున్నాయి.

"రిజిస్టర్లు బరువు. అవి జారవు," అన్నది ఆమె. "పల్చటి కాగితాన్ని అదిమి పట్టడానికి నాకు వేళ్లు లేవు."

అతను చాలాసేపు రెండు కాగితాలనూ చూశాడు. "అయితే ఇప్పుడు నేను ఎవరికి దండం పెట్టాలి?"

"మా అమ్మకు. ఆ మడత ఆవిడది."

పై కిటికీలో రేడియో తాతయ్య ఊతకర్రతో సహా నిలబడి చూస్తున్నాడు. కట్టు వేసి మూడు గంటలు కాలేదు. ఆమె తల ఎత్తి కళ్లెర్రజేస్తే వెనక్కి తగ్గాడు. వార్త మాత్రం అప్పటికే రెండో పడక దాకా వెళ్లి ఉంటుంది.

ఆమె గొడుగు విప్పి మోచేతి మడతలో ఇరికించుకున్నది.

"గొడుగు పట్టమంటారా?" అన్నాడతను.

"ఎవరికి?"

అతను కాసేపు ఆలోచించాడు. "ఇద్దరికీనండి."

ఆమె ఈసారి నవ్వును ఆపుకోలేదు. గొడుగు ఇచ్చింది.