కొట్టేసిన మాట

2003 అక్టోబరు. హిందూపురంలో రెండు రోజులుగా ముసురు. పొద్దున్నే గొడుగు కోసం భార్య శైలజ సంచీలో చెయ్యి పెట్టిన గంగాధరకు ఒక కాగితం తగిలింది. ఇద్దరూ పనిచేసే మందుబిళ్ళల కంపెనీ ఫారం అది. రాత ఆమెది. ఇంగ్లీషు అతనికి అంతంతమాత్రమే అయినా ‘రెయిన్’, ‘పది నిమిషాలు’ అన్నవి కూడబలుక్కున్నాడు.

 ఆ పది నిమిషాలు అతనివి! తడి మందుపొడిని ఆరబెట్టే మిషను దగ్గర పన్నెండేళ్ళుగా నిలబడ్డాడు. ముసురు పట్టినప్పుడు పది నిమిషాలు ఎక్కువ ఆరబెడితే బిళ్ళలు అచ్చుకు అతుక్కోవని కనిపెట్టింది అతనే. రికార్డులో మాత్రం ఎక్కించలేదు. భార్య దగ్గర గొప్పలు పోకపోతే మగవాడికి అన్నం అరగదు కదా, పోయిన వారం తింటూ ఆమెకు చెప్పేశాడు.

శైలజ చేరి నాలుగేళ్ళే. అప్పుడే క్వాలిటీ ఆఫీసులో కుర్చీ. కంపెనీ బస్సులో అందరూ అతన్ని ‘మేడమ్ మొగుడు’ అంటారు. అందుకే ఆమెకు దూరంగా చివరి సీట్లో కూర్చుంటాడు. ఆమె ఎదుగుదల అతనికి ఒళ్ళంతా మంటగా ఉండేది.

“నా పని దొంగిలించి పెద్ద మేడమ్ అయిపోదామనుకుంటాండావా?” కాగితం ఆమె ముందు విసిరేశాడు.

శైలజ పొయ్యి ఆర్పింది. “ఎక్కువ ఆరితే మందు చెడిపోతాదేమో ఎవురన్నా చూసినారా? ఆ బిళ్ళలు మింగేది జ్వరమొచ్చిన పిల్లోల్లు. ఏది మార్చాలన్నా ముందు రాయాల, పరీక్ష చేయాల, ఆమీదటే మార్చాల. ఈ ముసురులో నువ్వు ఆరబెట్టిన నాలుగు బ్యాచీలూ నిన్న ఆపించినా.”

“ఆపించినావా! నా ఉద్యోగం తీయించేదానికేనా?”

“పైన పేరు సదువు.”

మార్పు కోరినవారు అన్నచోట అతని పేరే ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

“మొగుడి కాగితం నేను తనిఖీ చేయకూడదని వేరే ఆఫీసరుకు అప్పజెప్పమన్నా. కారణం నువ్వే రాయాల. ఈ పొద్దు ఒప్పుకుంటే మెమోతో పోతాది. ఒప్పుకోకుండా ఆఫీసోల్లే పట్టుకుంటే ఉద్యోగమే పోతాది.”

“నాకు ఇంగ్లీషు యాడ వస్తాది?” అతని గొంతు తగ్గింది.

“తెలుగులో రాయి.”

గంగాధర చాపమీద కూర్చుని చాలాసేపు రాశాడు. ‘రెండు వానాకాలాలు పది నిమిషాలు ఎక్కువ ఆరబెట్టినాను. ఫారం నింపడం రాక చెప్పలేదు. నా భార్యకు వచ్చు. ఆమె మీద అసూయతో అడగలేదు.’

చదివిన శైలజ కళ్ళు నిండిపోయాయి. “కడాన రాసిన అసూయ మాట కంపెనీకి ఎందుకు? కొట్టెయ్.”

సిగ్గుతో అతను బరబరా గీకబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుంది. “అట్ల గీకకూడదు, మర్చిపోయినావా? ఒకటే గీత.”

అతనికి తెలిసిన నియమమే. కంపెనీ కాగితాల్లో తప్పు రాస్తే ఒక్క గీతతోనే కొట్టెయ్యాలి. కింద ఏముందో కనబడాలి. అలాగే గీసి, పక్కన సంతకం, తేదీ పెట్టాడు.

“అగపడతానే ఉండాది. అందరూ సదువుతారు” అంది.

“సదవనీలే. నిజమే గదా.”

వీధి చివర బస్సు హారను మోగింది. ఆ రోజు గంగాధర శైలజ పక్క సీట్లో కూర్చున్నాడు.