ఎనిమిదో పోగు

"ఆ పొట్టేలు నడుమును అట్ల నొక్కుతున్నవేంది? పిసికి పిండి చేస్తవా?"

యాకమ్మ నాతో అన్న మొదటి మాట అది. అప్పటికి నేనామె ముఖం కూడా చూడలేదు. పొట్టేలు వీపు మీద బొటనవేలు పెట్టి, వెన్నెముక ఎంత లోతులో తగులుతుందో చూస్తున్నాను. కండ పట్టిన జీవానికి ఎముక తొందరగా దొరకదు. కటికవాళ్లం కొనేముందు అందరం చేసే పనే.

"బక్కగున్నది," అన్నాను తల ఎత్తకుండా. బేరానికి ముందు అందరం అనే మాటే.

"నీ కండ్లు బక్కగున్నయి. తుమ్మకాయ తిని పెరిగిన జీవమది. జనగామల గిసొంటిది ఒక్కటి సూపియ్యి, దీన్ని ఉత్తగనే ఇస్త."

అప్పుడు తల ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, నన్ను సంతకు తోలి అమ్మేసి రాగలిగేంత ధీమా.

"ఉత్తగ వద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పొట్టేలు మంచిదే."

"ఇందాక బక్కగున్నదంటివి?"

"వేలు తప్పు చెప్పింది."

పెదవులు బిగించి పక్కకు తిరిగింది. నవ్వు వచ్చి ఆపుకుందని నేను అనుకున్నాను. ఆ అనుకోవడంతోనే మరుసటి ఆదివారం వరకు బతికాను.

నా పేరు సారయ్య. జనగామలో నాది చిన్న మాంసం దుకాణం. పెద్ద షావుకార్లు దూరదేశం మందలను రైలు డబ్బాల్లో తెప్పించేవారు. రెండు రోజులు నీళ్లు లేక నిలబడి నిలబడి వచ్చిన జీవాల మాంసం పీచులా ఉండేది. నేను మాత్రం ఊళ్లు తిరిగేవాణ్ని. నాలుగు జీవాలున్న ఇంటికి వెళ్లి, అవి ఏ చేలో మేశాయో, ఏ వాగులో తాగాయో చూసి కొనేవాణ్ని. దుకాణానికి వచ్చినవాళ్లు కూడా "ఇయ్యాల ఎవరి మందలది సారయ్యా?" అని అడిగి మరీ తీసుకునేవారు. "ఆగయ్య మందలది" అంటే చాలు, పొద్దెక్కకముందే మాంసం బండ ఖాళీ అయ్యేది.

ఆ ఆగయ్య కూతురే యాకమ్మ. రఘునాథపల్లి అవతల ఎనిమిది ఇండ్ల కురుమవాడ వాళ్లది. ప్రతి ఆదివారం నేను వెళ్లి, వాడవాళ్ల కోసం ఒక పొట్టేలును కోసి, పోగులు వేసి, నా దుకాణానికి రెండు జీవాలను తోలుకుని వచ్చేవాణ్ని. కోసినందుకు తలకాయ, కాళ్లు నా కూలి.

ఏ పోగుకూ ఎక్కువ తక్కువ ఉండకూడదు. మోదుగాకులు వరసగా పరిచి, ఒక్కో ఇంటికి ఇంత కండ, ఇంత ఎముక, ఇంత కార్జం వేస్తూ పోవాలి. యాకమ్మ గంపతో వచ్చి నా వెనకాల నిలబడేది.

"మా పోగుల ఎముకలే ఎక్కువున్నయి."

"అందరికీ ఒక్కతీరుగనే పెట్టిన."

"అందరికీ ఒక్కతీరేనా?" అనేది, ఆ మాటను కాస్త సాగదీసి. నా చేతిలో కత్తి జారేది.

ఇదంతా చెబుతుంటే సుఖంగా ఉన్న రోజులనుకుంటారేమో. కాదు. నైజాం సర్కారు పోయింది, రజాకార్లు పోయారు, భయం మాత్రం పోలేదు. రఘునాథపల్లి దారిలో మిలట్రీ క్యాంపు పడింది. దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగినవాళ్లు చిల్పూరు గుట్టల వైపు, ఆ పైన మానుకోట అడవుల వైపు వెళ్లిపోయారు. వాళ్లకు ఒక్క పూట బువ్వ పెట్టారని తెలిసినా ఇంటిల్లిపాదినీ క్యాంపుకు పట్టుకుపోయేవారు. పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు.

యాకమ్మ అన్న రాజలింగం ఆ ఎండాకాలంలోనే దళంలోకి వెళ్లిపోయాడు. పెండ్లయి వేరు పడ్డవాడు. భార్యను పుట్టింటికి పంపి, ఇంటికి తాళం వేసి ఒక తెల్లవారుజామున వెళ్లాడు. ఆ రోజు నుంచి వాడలో అతని పేరు ఎవరూ పలకలేదు. తండ్రి కూడా పలకలేదు.

కటికవాడికి భయమేమిటని నవ్వకండి. కత్తి పట్టడం వేరు, తుపాకి ముందు నిలబడటం వేరు. నేను పిరికివాణ్నే. క్యాంపు ముందు నుంచి నడిచేటప్పుడు నా చెప్పుల చప్పుడుకే ఉలిక్కిపడేవాణ్ని.

ఆషాఢంలో ఒక ఆదివారం. రాత్రి పడ్డ వాన వెలిసి నేలంతా తడితడిగా ఉంది. పొట్టేలు కోయడం అయింది, పోగులు వేయడం అయింది. ఆడవాళ్లు గిన్నెలతో వచ్చి నిలబడ్డారు. అప్పుడే క్యాంపు జమాదారు నలుగురు సిపాయిలతో వాడలోకి వచ్చాడు. పక్కన దొర గడీ మనిషి పోశాలు. ఎవరి ఇంట్లో ఏం ఉడుకుతుందో వాసన పట్టి క్యాంపుకు చేరవేసేవాడు వాడే.

పోశాలు పోగుల ముందు గొంతుక్కూర్చుని వేలితో లెక్కపెట్టాడు. రెండోసారి లెక్కపెట్టాడు.

"ఈ వాడల పొయ్యి ముట్టిచ్చే ఇండ్లు ఏడు," అన్నాడు నెమ్మదిగా. "ఎనిమిదో పోగు ఎవనిది?"

నేనూ లెక్కపెట్టాను. ఎనిమిదే.

ఆ పోగు రాజలింగానిది. ఎవరూ వేయమనలేదు. రెండేండ్లుగా ఎనిమిది వేసిన చెయ్యి ఆ రోజూ ఎనిమిదే వేసింది. రాజలింగం పోయాక మిగతా ఆదివారాల్లో గుర్తు పెట్టుకుని ఏడే వేశాను. ఆ రోజు యాకమ్మ వెనక నిలబడి ఏదో అంటుంటే నా ధ్యాసంతా అటే పోయింది.

"యే కిస్కా?" అన్నాడు జమాదారు, ఎవరిదని.

ఆగయ్య ముఖం పాలిపోయింది. అడవిలో ఉన్న కొడుకుకు మాంసం పంపుతున్నారని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"నాది," అన్నాను.

పోశాలు నవ్వాడు. "కటికోని కూలి తలకాయ, కాళ్లు. గవి నీ సంచిల ఉన్నయి గద. నాకు తెల్వదనుకున్నవా?"

జమాదారు కర్ర నా గడ్డం కిందికి వచ్చింది. ఇంకో అబద్ధం ఆలోచిద్దామంటే బుర్రలో ఏమీ లేదు.

"ఆయన చెప్పింది నిజమే," అని వెనక నుంచి యాకమ్మ గొంతు వచ్చింది. "గా పోగు ఆయనదే. మా ఇంటికి అల్లుడు కాబోతున్నడు. అల్లునికి ఉత్త తలకాయ, కాళ్లే ఇచ్చి పంపుతమా?"

కర్ర గడ్డం కింద లేకపోతే నా నోరు తెరుచుకునే ఉండిపోయేది.

"కురుమ పిల్లకు కటికోడా?" అన్నాడు పోశాలు. "ఎవలకు చెప్తున్నవే ఈ కత?"

"అందుకే ఎవ్వలకు చెప్పలే. మా బాపుకు సుత ఇయ్యాల్నే తెలుస్తున్నది. సూడు ఆయన మొఖం."

అందరూ ఆగయ్య వైపు తిరిగారు. పాలిపోయిన ఆ ముఖం ఎర్రబడింది. అంతలోనే గొర్రెలు కాసే కర్ర ఎత్తి నా మీదికి ఉరికి వచ్చి భుజం మీద రెండు దెబ్బలు వేశాడు. అది నటన కాదు. ఆ దెబ్బలు తిన్నవాణ్ని, నాకు తెలుసు.

జమాదారు పొట్ట పట్టుకుని నవ్వాడు. పోశాలు కూడా నవ్వక తప్పలేదు. జమాదారు హిందీలో ఏదో చెబితే పోశాలు మాకు చెప్పాడు.

"పెండ్లి దావత్ ఇప్పుడే తింటరట. వచ్చే ఆదివారం మల్ల వస్తరట. అల్లుడు ఈడ కనవడాలె. కనవడకపోతే పిల్లను క్యాంపుకు తోలుకపోయి అడుగుతరట, పోగు ఎవనిదో."

ఎనిమిదో పోగును మోదుగాకుతో సహా ఎత్తుకుని వెళ్లిపోయారు. రాజలింగం పోగు క్యాంపు పొయ్యి మీద ఉడికింది.

వాళ్లు కనుమరుగయ్యాక ఆగయ్య నా వైపు చూశాడు. "వస్తే నేను నిన్ను సంపుత. రాకపోతే వాళ్లు నా బిడ్డను సంపుతరు. ఏం జేస్తవో జెయ్యి." కర్ర పారేసి లోపలికి వెళ్లాడు.

యాకమ్మ ఆకులు ఏరుతోంది.

"నువ్వు చెప్పింది..." అన్నాను.

"వస్తవా, రావా? గదొక్కటి చెప్పు."

"వస్త."

అనడం తేలికే. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. దుకాణంలో నా వేలు నేనే కోసుకున్నాను. నిజం ఎక్కడ బయటపడినా ముందు నన్నే కాలుస్తారు. పోశాలు ఊరకే ఉండే మనిషి కాదు. సంగతి విన్న మా అవ్వ, నన్ను కన్న తల్లి సాలమ్మ, నా బట్టలు మూట కట్టింది.

"పట్నంల మీ మేనమామ దుకాణమున్నది. ఆదివారం పొద్దుగాల బండెక్కు బిడ్డా. ఉన్నది నువ్వొక్కనివే నాకు."

ఆదివారం పొద్దున మూటతో స్టేషన్‌కు వెళ్లాను. అవును, వెళ్లాను. దాచడమెందుకు? బండి వచ్చింది. తలుపు దగ్గరి కమ్మీ పట్టుకుని ఒక కాలు పైకి పెట్టాను కూడా. నేను లేని ఆ వాడలో, జమాదారు ముందు యాకమ్మ ఒక్కతే నిలబడి ఉండటం కళ్లకు కట్టింది. "వస్తవా, రావా" అన్న గొంతు చెవిలో పడింది. కాలు దించేశాను.

నాలుగు కోసుల దారి. సగంలో వాన అందుకుంది. క్యాంపు ముందు నుంచి తల దించుకుని నడిచాను. నడిచానో, పరుగెత్తానో.

వాడ చేరేసరికి జమాదారు అప్పటికే ఆగయ్య ఇంటి ముందు చూరు కింద మంచం మీద ఉన్నాడు. పోశాలు యాకమ్మకు ఎదురుగా నిలబడి, "ఏడీ నీ మొగడు? పట్నం బండెక్కిండేమో?" అంటున్నాడు. దొడ్డి కంచెను పట్టుకున్న ఆమె వేళ్లు తెల్లబడిపోయి ఉన్నాయి.

నన్ను చూసింది. అంత వానలోనూ ఆ కళ్లలో నీళ్లు వేరుగా తెలిశాయి.

ఆగయ్య లేచి వచ్చాడు. మళ్లీ కొడతాడనుకుని కళ్లు మూసుకున్నాను. తన భుజం మీది గొంగడి తీసి నా తల తుడిచాడు.

"గింత ఆలస్యమైందేంది అల్లుడా?" అన్నాడు గట్టిగా, అందరికీ వినిపించేలా.

జమాదారు నన్ను చూశాడు, ఆయన్ను చూశాడు. "శాదీ కబ్?" అన్నాడు, పెండ్లెప్పుడని.

"శ్రావణంల," అన్నాడు ఆగయ్య.

వాన పెరిగింది. జమాదారు విసుగ్గా లేచాడు. పోశాలు వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూశాడు. వాళ్ల బూట్ల చప్పుడు పూర్తిగా పోయేదాకా మేం ముగ్గురం కదలలేదు.

"ఆ మాట వాళ్ల కోసం అన్న," అన్నాడు ఆగయ్య గొంగడి వెనక్కి తీసుకుంటూ. "నువ్వు మంచోనివే, వచ్చినవ్. కని మా కులం మాది, మీ కులం మీది. నాలుగు వారాలు వచ్చిపో. తర్వాత వేరే కటికోన్ని సూసుకుంటం."

తల ఊపాను. ఇంకేం చేయగలను?

"నేను వాళ్ల కోసం అనలే బాపూ," అంది యాకమ్మ.

ఆగయ్య తిరిగి చూశాడు.

"అన్న పోయిన్నుంచి వాడల ఆయన పేరెత్తినోళ్లు లేరు. నువ్వు సుత ఎత్తలే. ఈయన ఒక్కడే యాది మరిచి అయినా ఆయనకు పోగు పెట్టిండు. గది సూసి నాకు ముందుగాల భయం కాలే బాపూ, ఏడుపొచ్చింది. పోశాలు అడిగినంక నోట్లకెళ్లి వచ్చిన మాట అబద్ధం కాదు. శాన దినాల సంది ఉన్న మాటే."

ఆగయ్య నా చంకలోని మూటను చూశాడు. "గదేంది?"

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. "పట్నం పోదామని బట్టలు కట్టుకున్న. బండిల కాలు పెట్టిన."

"మల్ల?"

"దిగిన." యాకమ్మ వైపు చూసే మాట్లాడాను. "నాకు శాన భయం. ఇప్పటికీ కాళ్లు వణుకుతున్నయి. కని ఈమె లేని కాడ భయం లేకుండ బతుకుడు నాకొద్దు."

యాకమ్మ తన గొంగడి అంచు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆగయ్య మంచం మీద కూర్చుని, గుట్టల వైపు చూశాడు.

"మా రాజలింగం ఉంటే ఏమనేటోడో," అన్నాడు. ఎండాకాలం తర్వాత ఆయన నోట ఆ పేరు వినడం అదే మొదలు. "కులం గిలం అంటె ఇంతెత్తున లేసేటోడు." నా వైపు తిరిగాడు. "భుజం తగ్గిందా?"

"తగ్గింది మామా," అన్నాను. నోరు జారింది.

ఆగయ్య చెయ్యి పక్కనున్న కర్ర మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"మామ అనుడు తర్వాత," అన్నాడు. "ముందుగాల మీ అవ్వను తోలుకరా."