అత్తగారి పుట్టినరోజు, నాన్న తద్దినం

"జావ పలచగా ఉంది" అంది దోవ్ రాణి, చెంచా గిన్నెలో వదిలేసి.

"నిన్న చిక్కగా ఉందన్నారు కదా అత్తయ్యా!"

"నిన్నటి గొడవ నిన్నటితో పోయింది. ఇవాళ పలచగా ఉంది. అరవయ్యో పుట్టినరోజు నాడు నన్ను నీళ్ళు తాగి బతకమంటావా ఏమిటి?"

సుహె గిన్నె తీసి ముసలి దాసి గ్వెయ్ చేతికిచ్చింది. తెల్లవారకముందే లేచి, జుట్టు ముడేసుకుని, అత్తగారి గడప దగ్గర మోకరిల్లి, ఆవిడ లేవగానే టీ అందించి, జావ తెచ్చిపెట్టి, తిట్లు తినడం. మూడేళ్ళుగా ఇదే వరస. చక్రవర్తి తమ్ముడి భార్య అంటే బయటివాళ్ళు పట్టుబట్టలూ పల్లకీలూ ఊహించుకుంటారు. లోపల రోజూ జావ గురించి పంచాయితీ జరుగుతుందని ఎవరికి తెలుసు?

తిట్లకి సుహె ఎప్పుడూ బాధపడలేదు. ఆమె బాధ వేరు. ఆమె అందరూ అనుకుంటున్నట్టు తావ్ పండితుడి కూతురు కాదు, పెయ్ సేనాని కూతురు. పదమూడేళ్ళ క్రితం రాజుగారి వేటలో ఎక్కణ్ణుంచో ఒక బాణం వచ్చి పెద్ద యువరాజు, అంటే ఇప్పటి చక్రవర్తి గుర్రానికి తగిలింది. ఆయన కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "సేనాని మనిషే విల్లు ఎక్కుపెట్టాడు, నా కళ్ళతో చూశాను" అని దోవ్ రాణి చెప్పిన ఒక్క మాటతో సేనాని తల తెగింది. ఏడేళ్ళ సుహెని దాది బట్టల బుట్టలో దాచి తావ్ వారింటికి చేర్చింది.

ద్రోహిగా చచ్చినవాడికి పూర్వీకుల గదిలో పేరుచెక్క నిలబెట్టరు. అగరొత్తి వెలిగించరు, అన్నం పెట్టరు. నాన్న ఇన్నేళ్ళుగా దిక్కులేకుండా, ఆకలితో తిరుగుతున్నాడన్న ఆలోచన సుహెని నిద్రపోనిచ్చేది కాదు. ఆయన పేరు తిరిగి రావాలంటే, అబద్ధం చెప్పిన నోరే నిజం చెప్పాలి. అందుకే సంబంధాలు కుదిర్చే ఆవిడని పట్టుకుని, తావ్ వారి పిల్లనని చెప్పించి, పంతం పట్టి ఈ ఇంటి కోడలైంది.

మొదట్లో విషం ఆలోచన రాకపోలేదు. కానీ చచ్చిపోతే ఆవిడ నిజం ఎలా చెబుతుంది? దాంతో శత్రువుని కంటికి రెప్పలా కాచుకోవాల్సిన ఖర్మ పట్టింది. కిందటి చలికాలం ఆవిడకి జ్వరం వస్తే పక్కన కూర్చుని కషాయం పట్టించింది. "కోడలంటే ఇలా ఉండాలమ్మా" అని నలుగురూ పొగుడుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఇంత చేసినా లాభం లేదు. వేట మాట ఎత్తడం ఆలస్యం, ముసలావిడ దిండు గట్టిగా ఉందనో, ముల్లంగి ఊరగాయ పులవలేదనో మాట దాటేసేది.

ఇది చాలదన్నట్టు మొగుడొకడు. కసాయివాడో తిరుగుబోతో అయివుంటే ఆమె పని తేలికయ్యేది. షావ్‌బో అలాంటివాడు కాదు. కాల్చిన చెస్ట్‌నట్ గింజలు పొట్టు వలిచి ఆమె పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు పుస్తకం చదువుకునేవాడు. ఆ గింజలు తింటున్నప్పుడల్లా సుహెకి తన మీద తనకే కోపం వచ్చేది.

ఇప్పుడూ అతను తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. "అమ్మా, పుట్టినరోజు పూట కూడా తిట్లేనా?"

"తిట్టకపోతే నీ పెళ్ళానికి తోచదురా. దాని మొహం చూడు, తెల్లారేసరికి ఎంత వాడిపోయిందో! కడుపునొప్పేమైనా వస్తోందా అమ్మాయీ?"

సుహె చప్పున తల వంచుకుంది. "లేదు అత్తయ్యా" అంది.

అసలు భయమంతా అదే. ఇవాళ నాన్న పోయిన రోజు. తల్లిదండ్రులు పోయిన రోజున బిడ్డలు మాంసం తినకూడదు, మద్యం ముట్టకూడదు, పాట వినకూడదు. రెండేళ్ళూ పుట్టినరోజు ఇంట్లోవాళ్ళ మధ్యనే జరిగింది కాబట్టి కడుపునొప్పి అని లేచిపోయి పడుకుంటే సరిపోయింది. ఈసారి అరవయ్యో ఏడు. చుట్టాలంతా వస్తున్నారు. చక్రవర్తి స్వయంగా వాద్యగాళ్ళని పంపిస్తున్నాడు. కోడలు అందరి ముందూ మోకరిల్లి అత్తగారికి మద్యం పోసి, తానూ ఒక గిన్నె తాగి ఆయుష్షు కోరాలి. తాగకపోతే అత్తకి అవమానం, తాగితే తండ్రికి ద్రోహం. ఎటు చూసినా గోడే.

మధ్యాహ్నానికి పెద్ద చావడి నిండిపోయింది. షావ్‌బో మేనత్త ముందు వరసలో కూర్చుంది. ఊళ్ళో ఎవరింటి గుట్టయినా ముందుగా ఆవిడకే తెలియాలి. వేణువులు మొదలయ్యాయి. సుహె పళ్ళు బిగించి, చెవులు మూసుకోలేక, మద్యం గిన్నె రెండు చేతులతో ఎత్తి పట్టుకుని అత్తగారి ముందు మోకరిల్లింది. రాణి తన గిన్నె తాగేసింది. ఇక సుహె వంతు.

గిన్నె పెదవులదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమ్మా, అత్తగారి ఆయుష్షు చేదుగా ఉందా?" అంది మేనత్త. నలుగురూ కిసుక్కుమన్నారు.

"కడుపులో... కొంచెం బాగాలేదండీ."

"అదేం చిత్రమో! మా వదిన పుట్టినరోజుకీ నీ కడుపుకీ ఏదో పాతపగ ఉన్నట్టుంది. నిరుడూ ఇంతే, అంతకుముందూ ఇంతే."

అందరి తలలూ ఇటు తిరిగాయి. వేణువులు మాత్రం మోగుతూనే ఉన్నాయి. అయిపోయింది, ఇన్నాళ్ళ శ్రమా ఈ గిన్నె దగ్గర తగలడిపోయింది అనుకుంది సుహె. అంతలో దోవ్ రాణి వంగి, ఆమె చేతిలోంచి గిన్నె లాక్కుని గటగటా తాగేసింది.

"ఉపవాసం ఉండమని నేనే చెప్పాను. నా ఆయుష్షు కోసం మొక్కు. మీ కోడళ్ళు మీకోసం ఒక్క పూటైనా మాడారా? ఆ వేణువులు ఆపించండి, తల పగిలిపోతోంది. సుహె, నన్ను లోపలికి తీసుకెళ్ళు."

పక్కగదిలోకి వెళ్ళి సుహె తలుపు దగ్గరగా వేసింది. అవమానం జరిగినా ఇంత ఉక్రోషం వచ్చేది కాదు. కాపాడింది ఈవిడ! ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టు ఈవిడ!

"ఎందుకు కాపాడారు?"

"పరువు నీదొక్కదానిదేనా? కూర్చో."

"కూర్చోను. నేనెవరో తెలుసా మీకు?"

"మొదటి ఏడాదే తెలిసింది" అంది దోవ్ రాణి, తలలోంచి బరువైన బంగారు పిన్నులు ఒక్కొక్కటే తీస్తూ. "నా పుట్టినరోజు నాడు మాంసం ముట్టదు, మద్యం ముట్టదు, పాట మొదలవగానే లేచిపోతుంది. ఆ రోజు ఎవరు పోయారో నాకు తెలియదా? పెయ్ సేనానిని చంపినరోజు సాయంత్రం కోటలో నాకు విందు చేశారు. ఆ రోజు ఆయుష్షు కోసమని తిన్న సేమ్యా ఇప్పటికీ గొంతులో అడ్డంగానే ఉంది. మూడేళ్ళూ అదే కడుపునొప్పి! ఇంకో సాకు దొరకలేదుటే నీకు?"

సుహె తలెత్తి ఆవిడ వైపు చూసింది.

"నువ్వొచ్చిన ఏడాదే నా టీ రుచిచూసే దాసిని మాన్పించాను. పొద్దున్నే గుటక వేసేముందు, ఇవాళేనేమో అనుకునేదాన్ని. నువ్వేమో టీ వెనకాలే జావ తెచ్చేదానివి. జ్వరమొస్తే కషాయం తెచ్చేదానివి. ఆ విసుగంతా ఎవరిమీద చూపించను? తిట్టేదాన్ని."

"నాకు మీ చావొద్దు!" అని అరిచింది సుహె. అరుపుతోపాటే ఏడుపూ వచ్చేసింది. "మీ చావేం చేసుకోను? మా నాన్నకి పేరుచెక్క కావాలి. చక్రవర్తి ముందుకెళ్ళి, ఆ రోజు అబద్ధమాడానని ఒక్క మాట చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇన్నేళ్ళూ పట్టుకున్నది అందుకే కదా!"

"చెప్పను."

"ఎందుకు?"

"చెప్పలేనే. నా తల అడిగితే ఈ క్షణమే ఇచ్చేస్తాను. అది మాత్రం అడక్కు."

"అయితే ఆ బాణం వేసిందెవరు? ఎవరి కోసం మా నాన్నని బలిచ్చారు?"

రాణి పెదవులు బిగించింది. కానీ ఆవిడ కళ్ళు మాత్రం తలుపు వైపు మళ్ళాయి. అక్కడ షావ్‌బో తల్లి కోసం తెచ్చిన సేమ్యా గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు.

"కుందేలు కనబడింది" అన్నాడు మెల్లగా. "పొదల్లో ఏదో కదిలితే వేశాను. గుర్రాలు ఆ పక్కన ఉన్నాయని తెలియదు. నువ్వు పరిగెత్తుకొచ్చి విల్లు లాక్కుని, 'నువ్వు బాణం వెయ్యలేదు, ఎవరడిగినా అదే చెప్పు' అన్నావు. తగల్లేదు కాబోలు అనుకున్నాను. అమ్మా, అది నా బాణమేనా?"

"నీకు తొమ్మిదేళ్ళురా!" అని అరిచింది ముసలావిడ. "పట్టపు యువరాజు మీద బాణం వేసింది ఇంకో రాణి కొడుకు అంటే, పిల్లాడి ఆట అని వదిలేస్తారా? నిన్ను చంపేసేవాళ్ళు. నేనేం చెయ్యను?"

షావ్‌బో గిన్నె బల్లమీద పెట్టాడు. భార్య వైపు తిరిగాడు. "నన్ను చేసుకున్నది ఇందుకేనా?"

ఇంకా అబద్ధమెందుకు అనిపించింది సుహెకి. "వచ్చింది ఇందుకే. ఉండిపోయింది మాత్రం ఇందుకు కాదు."

అతను తలూపాడు. నడుముకున్న రాచపట్టీ విప్పి చేత్తో పట్టుకుని, "అన్నయ్య దగ్గరికి వెళుతున్నాను" అన్నాడు.

"వద్దురా! ఆ కాలితో ఇప్పటికీ కుంటుతున్నాడు, ఎలా క్షమిస్తాడు? అమ్మాయీ, ఆపవే!"

ఆపమనాల్సిన పనే లేకపోయింది. సుహె అప్పటికే అతని అంగీ చెయ్యి పట్టుకుని ఉంది. "వద్దు, వెళ్ళకండి" అన్న మాట ఆమె నోట్లోంచే వచ్చింది. ఈ రోజు కోసమేగా ఇన్నేళ్ళు ఎదురుచూసింది! తీరా వచ్చాక, నాన్న పేరు ఏమైపోయినా సరే ఈ మనిషి గడప దాటకుండా ఉంటే చాలనిపించింది. అలా అనిపించినందుకు తనని తాను చెంపలు వాయించుకోవాలనిపించింది. అత్తగారు ఆ రోజు చేసింది ఇదే. తను ఇన్నాళ్ళూ అసహ్యించుకున్నది దీన్నే.

"ఇవాళ మీ నాన్న పోయిన రోజు, సుహె" అన్నాడు షావ్‌బో. "ఇవాళే చెప్పాలి. వదులు."

ఒక్కొక్క వేలే విప్పుకుని ఆమె అతన్ని వదిలింది.

చుట్టాలు ఏదో పసిగట్టి గుసగుసలాడుకుంటూ వెళ్ళిపోయారు. అత్తాకోడళ్ళు బయటి గుమ్మం మెట్లమీద కూర్చున్నారు. రాణులు మెట్లమీద కూర్చోకూడదని గ్వెయ్ రెండుసార్లు చెప్పి ఊరుకుంది. కాసేపటికే పోట్లాట మొదలైంది.

"వాడికేమైనా అయితే నిన్ను బతకనివ్వను."

"ఆయనకేమైనా అయితే నేను బతుకుతాననుకున్నారా?"

"నోరు చూడు! ఇన్నాళ్ళూ ఈ నోరు ఎక్కడ దాచావే?"

"మీ జావలో."

ముసలావిడకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. కొంగులేని ఆ పట్టు అంగీ చేతి అంచుతోనే కళ్ళు తుడుచుకుంది. అదే చేత్తో, చలిగాలికి వణుకుతున్న కోడలి మీదకి తన శాలువా సగం లాగింది. సుహె తోసేయాలనుకుంది, తోసేయలేదు.

దీపాల వేళకి షావ్‌బో నడిచి వచ్చాడు. గుర్రం లేదు, వెంట సేవకులు లేరు, తలమీద రాచకిరీటం లేదు. మెట్ల దగ్గర ఆగి, ఇద్దరినీ చూసి, ఊపిరి పీల్చుకున్నాడు.

"అన్నయ్య అంతా విన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి శిక్షించనన్నాడు. అమ్మా, నీ రాణి హోదా పోయింది. ఈ ఇల్లూ, నా బిరుదూ పోయాయి. దక్షిణాన ఏదో చిన్న ఊళ్ళో ధాన్యపు కొట్ల పని ఇచ్చాడు. సుహె, మీ నాన్నగారి పేరు తిరిగొచ్చింది. రేపు ఊరంతా చాటిస్తారు. మగపిల్లలు లేరు కాబట్టి పేరుచెక్క నువ్వే పెట్టుకోవచ్చట."

సుహె అతని ఛాతీ మీద తల ఆన్చి, చిన్నపిల్లలా, సిగ్గులేకుండా ఏడ్చింది.

దక్షిణాదిన వాళ్ళకి దొరికిన ఇల్లు పెంకుటిల్లు. వానొస్తే రెండుచోట్ల కారేది. దోవ్ రాణి రోజంతా ఆ చూరుని తిడుతూనే ఉండేది. అయినా పొడిగా ఉన్న ఒకే ఒక్క గదిని తన మంచం కోసం అడగలేదు. సేనాని పేరుచెక్కని ఆ గదిలోనే నిలబెట్టారు. సుహె అన్నం, పళ్ళు పెట్టి అగరొత్తులు వెలిగించింది. షావ్‌బో వచ్చి ఆమె పక్కన మోకరిల్లాడు.

వెనకాల గడప దగ్గర అలికిడైంది. ముసలావిడ నగలేవీ లేకుండా, ముతక బట్టలో నిలబడి ఉంది. లోపలికి రావచ్చో లేదో తెలియక గడప దాటడం లేదు. చివరికి గోడ పట్టుకుని వచ్చి, మెల్లగా ఒంగి, మోకాళ్ళమీద కూలబడి, నుదురు నేలకి ఆన్చింది. పెద్దవాళ్ళు ఇలా మోకరిల్లితే కోడలు పరుగున వెళ్ళి లేవనెత్తాలి. అది మర్యాద. సుహె లేవనెత్తలేదు. ఆ నుదురు నేలమీద ఎంతసేపు ఉండాలో అంతసేపూ ఉండనిచ్చింది.

తర్వాత కొంచెం పక్కకి జరిగి, ఆవిడ భుజానికి తన భుజం ఆనేలా కూర్చుంది. పెళ్ళయిన పిల్ల పుట్టింటి పెద్దలకి చెప్పుకోవాల్సిన మాటలు మూడేళ్ళుగా ఆమె నోట్లోనే ఉండిపోయాయి.

"నాన్నా, నాకు పెళ్ళైంది" అంది. "ఈయన మా ఆయన. ఈవిడ మా అత్తగారు."