ఎడమ అంచు పైన

అది 2011 అక్టోబరు 14, శుక్రవారం. ఆ ఉదయం సాయో సన్మా చేపకు ఉప్పు రాసి కాల్చి, పక్కన ముల్లంగి తురుము పెట్టింది. పదకొండేళ్ళ కూతురు ఫుమినో ముళ్ళు తీసుకునే ఓపిక లేక సగం చేప వదిలేసి బడికి పరిగెత్తింది. "రేపటి నుంచి ముళ్ళు నేనే తీసి పెడతాలే" అని వెనక నుంచి కేకేసింది సాయో. ఆ రేపు రాలేదు. మధ్యాహ్నం, పనిచేసే చోట మెదడులో నరం చిట్లి పడిపోయిన మనిషి మళ్ళీ కళ్ళు తెరవలేదు.

పన్నెండేళ్ళ తర్వాత అదే తేదీన, జపాన్‌లోని ఓమె ఊళ్ళో అదే ఇంట్లో, సాయో భర్త యాసుహరు అదే చేప కాల్చాడు. ముళ్ళన్నీ ఓపిగ్గా తీసి కూతురి పళ్ళెంలో పెట్టాడు. ముందు రాత్రి టోక్యో నుంచి వచ్చిన ఫుమినో కళ్ళు నులుముకుంటూ ఆ పళ్ళెం వంక చూసింది. ఒక్క ముక్క కూడా మిగల్చకుండా తినేసింది. యాసుహరుకి అదే చాలు.

"సంస్మరణ రోజున ఇల్లంతా చేప కంపా!" మొదటి రైలుకే దిగిన అతని అక్క తొమోయె విసనకర్ర పట్టుకుని ఊపసాగింది. "పదకొండింటికి గుడి గురువుగారు వస్తారు. ఆయన ముక్కు మూసుకుని మంత్రాలు చదవాలా?"

"సాయోకి ఇష్టం కదక్కా" అన్నాడు యాసుహరు.

"నీ మెతకదనం తగలెయ్య" అంటూ ఆవిడ చాపలు సర్దడానికి లోపలికెళ్ళింది. మరో నిమిషానికి చేతిలో కాగితాల కట్టతో తిరిగొచ్చింది. "ఏమిటే ఇది?"

"అత్తయ్యా, మెల్లగా! వరస తప్పిందంటే నా ప్రాణం మీదికొస్తుంది."

"ఇది మా సాయో."

"కాదు, సినిమాలో అమ్మ."

"ఆ మెడ ఒంపు, చెవి కింద ఆ పుట్టుమచ్చ నాకు తెలీదూ? ఎవరికి చెబుతావే!"

ఫుమినో బొమ్మల సినిమాలకు బొమ్మలు గీస్తుంది. ఇప్పటి సినిమాలో ఒక పిల్ల నది దాటి, చనిపోయినవాళ్ళ ఊరికి వెళ్తుంది. అక్కడి సంతలో తల్లి కనిపించి, వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ తిరిగి చూడటం ఒక్కటే ఫుమినో వంతు. నలభై రెండు కాగితాలు, తెర మీద మూడున్నర సెకన్లు.

కట్ట మీద సినిమా వాళ్ళు అంటించిన పసుపు చీటీ ఒకటి ఉంది. తొమోయె కళ్ళజోడు సవరించుకుని పైకే చదివింది. "'ఈమె చనిపోయిన మనిషి. కిమోనో కుడి అంచు పైకి రావాలి. సోమవారానికి దిద్దండి, లేదంటే ఈ పని వేరేవాళ్ళకిస్తాం.' ఎవరో గానీ తెలిసినవాడు. ఎడమ అంచు పైకి కట్టేది బతికున్నవాళ్ళకు. ఈ మాత్రం తెలీదా నీకు?"

"తెలుసు. తెలిసే గీశాను. దిద్దను."

"ఉద్యోగం పోతుందే!"

"పోనీ."

"ఆ రోజూ ఇంతే! శవపెట్టెలో ఉన్న తల్లి కిమోనో అంచు మార్చడానికి చెయ్యి పెట్టావు."

"మీరు ఆ చేతి మీద కొట్టారు. కొట్టి, మళ్ళీ కుడి అంచు పైకి లాగారు." ఫుమినో గొంతు పెరిగింది. "అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఇప్పుడు కొట్టి చూడండి."

తొమోయె ముఖం ఎర్రబడింది. "సరదాకి కొట్టానా? పోయానని తెలియని మనిషి దారి తప్పుతుందని మా అమ్మ చెప్పేది. దాని మంచికే చేశాను. యాసూ! బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం? నీ కూతురికి నువ్వు చెప్పు."

యాసుహరు పొయ్యి ఆపాడు. ఆ రోజు కూడా ఇలాగే నిలబడ్డాడు. కూతురు ఎర్రబడిన చేతిని ఒళ్ళో దాచుకుని తన వంక చూసింది. ఆ చూపుకు జవాబు ఇన్నేళ్ళూ గొంతులోనే ఉండిపోయింది.

"అక్కా, సాయో నువ్వు కట్టినట్టు వెళ్ళలేదు."

"ఏమిటీ?"

"మర్నాడు మూత వేసే ముందు అందరం పువ్వులు పెట్టాం. నేను చామంతులు గుండెల మీద పెడుతూ వాటి కింద చెయ్యి పోనిచ్చాను. మెడ దగ్గర బెత్తెడు మేర ఎడమ అంచు పైకి తీశాను. దేహం పాడవకుండా పెట్టిన మంచుకు నా వేళ్ళు కొయ్యబారిపోయాయి. పిల్ల అడిగినట్టే పంపాను."

ముందు ఫుమినోకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"ఒక్క మాట చెప్పడానికి పన్నెండేళ్ళా నాన్నా? ఓడిపోయాననుకున్నాను. అమ్మను అలా పంపేశాననుకుని, కనీసం బొమ్మలోనైనా..."

"అక్క బాధపడుతుందని ఊరుకున్నానమ్మా. నువ్వు బాధపడుతున్నావని తెలుసుకోలేకపోయాను. తప్పు నాదే." యాసుహరు కూతురి చెయ్యి పట్టుకున్నాడు, ఆ రోజు దెబ్బ తిన్న చెయ్యే. "దిద్దకు."

"ఇప్పుడసలే దిద్దను" అంది ఫుమినో, కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుంటూ.

తొమోయె మెల్లగా చాప మీద కూలబడింది. తమ్ముణ్ణి తిడుతుందనుకున్నారిద్దరూ. ఆవిడ కాగితాల కట్ట కూతురి లాంటి ఆ పిల్ల ముందుకు జరిపింది.

"కదిలించి చూపించు."

ఫుమినో కట్టను పట్టుకుని బొటనవేలితో కాగితాలు జారవిడిచింది. సంతలో సాయో ఆగింది. ఎవరో పిలిచినట్టు మెడ తిప్పింది. పెదవి చివర నవ్వు మొదలైంది.

"మళ్ళీ" అంది తొమోయె.

మళ్ళీ తిరిగింది సాయో.

"ఇంకొక్కసారి." మూడోసారి చూశాక ఆవిడ ముక్కు చీదుకుంది. "దారి తప్పినదానిలా ఏమీ లేదే."

ఇంతలో వాకిట్లో గురువుగారి దగ్గు వినబడింది. తొమోయె దిగ్గున లేచి విసనకర్ర అందుకుంది. "అయ్యో, ఈ చేప కంపు!"

సాయంత్రం ఫుమినో పసుపు చీటీ కింద రాసింది: 'ఇది పొరపాటు కాదు. వేరేవాళ్ళకిస్తే ఇవ్వండి. నా చేత్తో మాత్రం మార్చను.'

"మేనత్త కూడా ఒప్పుకుందని రాయి" అంది తొమోయె పక్క వేసుకుంటూ.

"మీరెవరని అడుగుతారు అత్తయ్యా."

"అడగనీ. ఫోను నాకివ్వు, నేను చెబుతాను."

యాసుహరు పక్క గదిలో పడుకుని ఆ మాటలు వింటూ చాలా రోజుల తర్వాత నవ్వుకున్నాడు. తొమోయె ఈ ఇంట్లో ఉన్న రోజున, నిద్రకు ముందు సాయో ఫోటో ఉన్న పూజా మందిరం తలుపులు ఆవిడే మూసేది. టక్కున మూసేది ఎప్పుడూ. ఈ రాత్రి ఆ చప్పుడు కోసం ఎదురు చూశాడు, వినబడలేదు. తల ఎత్తి చూస్తే, అక్క మందిరం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"పడుకో సాయో" అంటూ ఆ చిన్న తలుపులు రెండూ మెల్లగా దగ్గరకు చేర్చింది.